బొంత అంచున త్రికోణాలు

పాత చీరలను, పంచెలను పొరలుగా పరచి కుట్టిన బొంత మనకు చిరపరిచితమైన వస్తువు. ఏండ్ల తరబడి వాడిన బొంతను ఒకమారు పరిశీలింపుడు. నడుమ భాగము ఇంకను గట్టిగానే యుండును. అంచు మాత్రము ముందుగా చిరిగి, పోగులు వ్రేలాడుచుండును. ఆ అంచును కాపాడుచు, దానికి అందమును గూడ చేకూర్చు ఉపాయమొకటి కలదు. చదరపు గుడ్డముక్కలను మడచి, త్రికోణములుగా చేసి, అంచు పొడవునను వరుసగా కుట్టుటయే ఆ ఉపాయము.

అమెరికాలో ఈ త్రికోణములను ‘ప్రేరీ పాయింట్లు’ అందురు. ప్రేరీలనగా అచ్చటి విశాలమైన గడ్డి మైదానములు. మడత ముక్కలతో బొంతను అలంకరించుట మన దేశమునందును కలదు. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో నివసించు ఆఫ్రికా సంతతివారైన సిద్దీ స్త్రీలు తమ బొంతల మూలలందు మడచిన ముక్కలను కుట్టుదురు. వానిని ‘ఫులా’ అందురు, పూవులని అర్థము. అవి లేనిదే బొంత పూర్తియైనట్లు వారు భావింపరు.

అసలు అంచు ఏల పోగులూడును? నేసిన బట్టలో పడుగు, పేక పోగులు ఒకదానినొకటి క్రిందుగను మీదుగను దాటుచు పోవును. వానిని పట్టియుంచునది జిగురు కాదు, దాటుచోట కలుగు ఘర్షణయే. లోపలి పోగునకు ఇరుప్రక్కలను పొరుగు పోగులు కలవు. కత్తిరించిన అంచునందలి చివరి పోగునకు ఒక ప్రక్క అండ లేదు. ఉతుకుటలో, రాపిడిలో అది జారిపోవును. అంతట దాని తరువాతి పోగు చివరిదగును. ఈ విధముగా నష్టము లోపలికి ప్రాకును. కాబట్టి కత్తిరించిన అంచు ఎచ్చటను బయటికి కనబడరాదు.

ఇప్పుడొక చదరపు కాగితమును తీసికొనుడు. దానిని కర్ణము వెంబడి మడువుడు. వచ్చిన త్రిభుజమును మరల సగమునకు మడువుడు. మొదటి కాగితపు నాలుగు అంచులును ఇప్పుడు ఒకే భుజముపై చేరినవి! తక్కిన రెండు భుజములును మడతలే. చదరపు భుజము 3 అంగుళములైనచో, త్రిభుజపు భూమి 3 అంగుళములు, ఎత్తు 1½ అంగుళములు. గుడ్డతో చేసినపుడు కత్తిరించిన అంచులన్నియు భూమి వెంబడి ఉండును గనుక, వానిని బొంత కుట్టులో దాచివేయవచ్చును. మరియొక లాభము: భూమి పోగుల దిశలోనే ఉండుటచే కుట్టునపుడు సాగదు. ఏటవాలు భుజములు పోగులకు 45 డిగ్రీల కోణములో ఉండును. ఆ దిశలో బట్ట సులభముగా సాగును. కావున ఇస్త్రీ చేయునపుడు పెట్టెను లాగక, అదిమి ఎత్తవలెను.

ఇక లెక్క. మొదటిసారి కుట్టువారు పొరపడునది ఇచ్చటనే. భూమి 3 అంగుళములు గనుక 60 అంగుళముల అంచునకు 20 త్రికోణములు చాలునని తోచును. కాని కుట్టుకై పావు అంగుళము లోపలికి పోవును. అప్పుడు కనబడు ఎత్తు 1¼, కనబడు భూమి 2½ అంగుళములు మాత్రమే. 20 త్రికోణములను కొనకు కొన తగిలించి కుట్టినచో, ప్రతి రెంటి నడుమను అర అంగుళము సందు కనబడును. అందువలన ఒక్కొక్క దానిని ప్రక్కదానిలోనికి అర అంగుళము దూర్చవలెను. త్రికోణపు ఒక భుజము సంచి మూతివలె తెరచియుండుటచే ఇది సులభము. 60ని 2½చే భాగింపగా 24 వచ్చును. సరిచూచుకొందము: 23 × 2½ + 3 = 60½. ఇరుకొనల కుట్టుకై విడిచిన పావు అంగుళములతో కలిపి బట్ట అసలు పొడవు సరిగా అంతే.

అంచు 64 అంగుళములైనచో భాగహారము 25.6 అని తెగకుండును. 26 త్రికోణములను తీసికొని, ఎడమును 2.46 అంగుళములుగా చేయవలెను. తేడానంతటిని ఒక కొనకు నెట్టినచో అది కంటికి గుచ్చుకొనును. అన్నిటికిని పంచినచో ఎవరికిని తెలియదు.

కుట్టునపుడు త్రికోణముల కొనలు బొంత నడిమి వైపునకు చూచుచుండవలెను. వాని భూములను పైబట్ట అంచుతో కలిపి కుట్టి, పిదప కొనలను బయటికి త్రిప్పవలెను. అడుగు బట్ట అంచును లోనికి మడచి చేతితో కుట్టినచో కత్తిరించిన అంచులన్నియు మరుగుపడును. మూలయందు రెండు ప్రక్కల త్రికోణములు ఒకదానినొకటి తాకవలెనే గాని ఒకదానిపై నొకటి ఎక్కరాదు.

ప్రతి త్రికోణములోను 4 పొరలు, దూర్చిన చోట 8 పొరలు ఉండును. కాబట్టి పలుచని నూలుబట్టయే మేలు. పొరలు స్వేచ్ఛగా జారునంతవరకు 4 పొరలను వంచుటకు ఒక పొరకంటె 4 రెట్ల బలము చాలును. గంజితో అతుకుకొని ఒకే పలకగా మారినచో, బిగువు మందము యొక్క ఘనమును బట్టి పెరుగును గనుక, 64 రెట్ల బలము కావలెను. కప్పుకొను బొంత అంచునకు గంజి తగదనుటకు ఇదియే కారణము.

60 అంగుళముల చదరపు బొంతకు 96 ముక్కలు కావలెను. 42 అంగుళముల పన్నా గల బట్టలో వరుసకు 14 చొప్పున, 21 అంగుళముల బట్ట వీనికి చాలును. పాత చీర కొంగున మిగిలిన ముక్క ఈ పనికి సరిపోవును.