తాబేలు పిల్ల ఎంత పెరగాలి?

పసిబిడ్డల తూకం గురించి డాక్టర్లు చెప్పగా ఎన్నోసార్లు వినివుంటారు. ఈవేళ నేను తాబేలు పిల్ల తూకం గురించి చెబుతానంటే మీకు నవ్వొస్తుందేమో. నవ్వండి, కాని కాస్త వినండి. మన ఆడపిల్లలు చాలామంది ఇంగ్లండులోనూ అమెరికాలోనూ కాపురాలుంటున్నారు. కానుపుకనీ, మనవల్ని చూసుకోవడానికనీ మనం అక్కడికి వెళ్ళి ఆరేసి నెలలుండి వస్తున్నాం. కుక్కనీ పిల్లినీ సాకే ఓపిక లేని ఇళ్ళలో పిల్లల సరదా కోసం ఒక తాబేలు పిల్లను తెచ్చిపెట్టుకోవడం అక్కడ వుంది. కూతురూ అల్లుడూ ఆఫీసులకూ, మనవడు బడికీ వెళ్ళాక ఇంట్లో మిగిలేది మనమూ, ఆ తాబేలూను. దాని మంచిచెడ్డలు కొంతైనా మనకు తెలిసివుండడం మంచిది కదా.

ఒక్క మాట ముందే చెప్పేస్తాను. ఇదంతా ఆయా దేశాల్లో చట్టప్రకారం కొనుక్కున్న తాబేళ్ళ సంగతి. మన రాయలసీమ మెట్టల్లో తిరిగే నక్షత్ర తాబేలును, అదేనండీ, నల్లటి డిప్ప మీద పసుపుపచ్చ గీతలు చుక్కల్లా విచ్చుకుని వుంటాయే, దాన్ని ఇంట్లో పెంచుకోవడం నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించినప్పుడు దీన్ని మొదటి షెడ్యూలులోకి తెచ్చారు. పులి వున్న జాబితా అది. మూడేళ్ళకు తగ్గకుండా జైలు. శ్రీకూర్మం గుడి ఆవరణలో మనం చూసేవి కూడా ఈ తాబేళ్ళే. దేవుడి దగ్గరున్నాయి గనుక ఇంట్లో వున్నా మంచిదేననీ, కలిసొస్తుందనీ ఎవరైనా అమ్మజూపితే కొనకండి.

ఇంగ్లండులో ఎక్కువగా పెంచేది మధ్యధరా సముద్రతీర దేశాల జాతులు. హెర్మన్ తాబేలు అంటారు, అదొకటి. గుడ్డులోంచి వచ్చినప్పుడు పది పదిహేను గ్రాములుంటుంది, అంతే. మన అరచేతిలో రూపాయి బిళ్ళలు మూడునాలుగు పెట్టుకున్నంత బరువు. అమెరికాలో సల్కాటా అని ఇంకొకటి పెంచుతారు. ఇది సహారా ఎడారి దక్షిణపు అంచులది. పుట్టినప్పుడు ముప్ఫై, నలభై గ్రాములే గాని పెద్దదయ్యాక పాతిక కిలోల బియ్యం బస్తాలు రెండింటి బరువు దాటవచ్చు. కొనేటప్పుడు ఈ ముక్క అందరికీ చెప్పరు. అంచేత మీ ఇంట్లో వున్నది ఏ జాతో ముందు కనుక్కోండి. ఒకదాని లెక్క రెండోదానికి పనికిరాదు.

అసలు తూకం ఎందుకంటే, బిడ్డ చిక్కితే బుగ్గలు చెబుతాయి, కుక్క చిక్కితే డొక్కలు చెబుతాయి. తాబేలు చిక్కినా డిప్ప డిప్పలాగే వుంటుంది. పైగా శీతరక్త ప్రాణి. ఒంట్లో బాగున్నా చలిగా వుంటే కదలదు, బాగాలేకపోయినా కదలదు. రోజుల తరబడి తినకపోయినా బతికేవుంటుంది గనుక ఇంట్లోవాళ్ళకు అనుమానం రాదు. మనకు కనిపించే సరికి జబ్బు చాలా ముదిరి వుంటుంది. అంతకుముందే చెప్పగలిగింది తక్కెడ ఒక్కటే.

ఈ అలవాటు కొత్తదేం కాదు. ఇంగ్లండులో గిల్బర్ట్ వైట్ అనే మతగురువు వుండేవాడు, ప్రకృతి పరిశీలనలో పెద్ద పేరున్నవాడు. ఆయన మేనత్త చాలా ఏళ్ళు పెంచిన తాబేలు ఆమె పోయాక 1780లో ఆయన దగ్గరికి వచ్చింది. దాన్ని తూచి ఆ బరువును దినచర్య పుస్తకంలో రాసుకునేవాడు. దాని పేరు తిమోతి, మగపేరు. పోయిన తరవాత పరీక్షిస్తే తేలిందేమిటంటే, అది ఆడది!

ఇక తూచే పద్ధతి. ఒక్కొక్క గ్రామూ చూపించే చిన్న ఎలక్ట్రానిక్ తక్కెడ కావాలి. వంటింట్లో పిండి తూచుకునేది వుంది కదా అని దాన్ని మాత్రం తియ్యకండి, తాబేలుకు వేరేది కొనమనండి. తాబేళ్ళ ఒంటి మీదా, మలంలోనూ సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి వుండవచ్చు. తాబేలుకు ఏమీ కాదు గాని పసిపిల్లలకు జ్వరం, విరేచనాలు గట్టిగా పట్టుకుంటాయి. చిన్నపిల్లలు వీటిని నోట్లో పెట్టుకుంటున్నారని అమెరికాలో 1975లోనే నాలుగంగుళాల లోపు తాబేళ్ళను పెంపకానికి అమ్మకూడదని కట్టడి చేశారు. కాబట్టి ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి, దాని గిన్నెలు వంటింటి తొట్టిలో కడక్కూడదు. ఇంట్లో బాలింతా, పొత్తిళ్ళలో బిడ్డా వుంటే మరీ జాగ్రత్త.

తక్కెడ మీద ఒక ప్లాస్టిక్ డబ్బా పెట్టి, అంకెను సున్నాకు తెచ్చి, అందులో పిల్లను దించండి. వారానికొకసారి, అదే రోజున, పొద్దున్నే, మేత పెట్టకముందు, స్నానం చేయించకముందు తూచాలి. ఈ ‘ముందు’ అన్నమాట మరిచిపోవద్దు. తాబేలు పిల్లను గోరువెచ్చటి నీళ్ళలో, గడ్డం దాకా వచ్చేంత లోతులో, పావుగంటసేపు వుంచుతారు. అది అక్కడే కడుపునిండా నీళ్ళు తాగుతుంది, మూత్రసంచిలో దాచుకుంటుంది కూడా. ఇరవై గ్రాముల పిల్లకు ఒక్క స్నానంతో ఒకటి రెండు గ్రాములు పెరిగిపోవచ్చు. అదంతా నీటి బరువు. ఒక వారం స్నానానికి ముందు, ఒక వారం తరవాత తూచారనుకోండి, ఒకసారి భలే పెరిగిందని మురిసిపోతారు, ఇంకోసారి తగ్గిపోయిందని బెంబేలుపడతారు. రెండూ తప్పే.

నెలకొకసారి పొడుగు కూడా కొలవండి. డిప్ప మీదుగా టేపు వెయ్యకూడదు. స్కేలు బల్లమీద పెట్టి, తలవైపు ఒక పుస్తకం, తోకవైపు ఒక పుస్తకం నిటారుగా ఆనించి, మధ్యదూరం చూస్తే సరి. తేదీ, తూకం, పొడుగు, ఆ వారం తిండి ఎలా తిన్నదీ ఒక నోటుబుక్కులో రాయండి. మనవడి చేత గళ్ళకాగితం మీద చుక్కలు పెట్టించి కలిపిస్తే వాడికీ లెక్కలొస్తాయి.

ఎంత పెరగాలంటారా? కొత్తగా గుడ్డులోంచి వచ్చినదానికి పొట్టకింద పచ్చసొన కొంత మిగిలి వుంటుంది, మొదటివారం పదిరోజులు అదే ఆహారం. ఆ రోజుల్లో తూకం కదలకపోయినా, పిసరంత తగ్గినా కంగారుపడనక్కర్లేదు. ఆ తరవాత హెర్మన్ వంటి చిన్న జాతులకు నెలకు ఒకటి నుంచి మూడు గ్రాములు చాలునని అనుభవజ్ఞులు చెబుతారు. సల్కాటా లెక్క ఇంతకంటే చాలా ఎక్కువ. ఏ జాతికైనా అంకె కంటే గీత ముఖ్యం. మెల్లిగా, ఆగకుండా పైకి పోతూ వుండాలి. ఒక వారం ఆగితే ఏం కాదు. వరసగా రెండు మూడు వారాలు కిందికి దిగితే ఆలోచించాలి. ఇరవై గ్రాముల పిల్లకు రెండు గ్రాములు తగ్గడమంటే, అరవై కిలోల మనిషి ఆరు కిలోలు తగ్గినట్టు. ఇంక డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే.

1980లో జాక్సన్ అనే బ్రిటిష్ పశువైద్యుడు మధ్యధరా తాబేళ్ళకు పొడుగును బట్టి బరువెంత వుండాలో ఒక పట్టిక ప్రచురించారు. శీతకాలపు నిద్రకు ముందు తాబేలు ఆరోగ్యం అంచనా కట్టడానికి దాన్ని వాడుతూ వచ్చారు. మీ అమ్మాయి ఎక్కడో చూసి పిల్లకు కూడా ఆ లెక్కే కట్టవచ్చు. అది పెద్దవాటికోసం, అందులోనూ ఆ రెండు జాతులకోసం తయారుచేసింది, పిల్లలకు వర్తించదు.

బరువు పెరగడమల్లా ఆరోగ్యమూ కాదు. తినకుండా వుండి తూకం పెరుగుతోందంటే అనుమానించాలి. ఒంటికి నీరు పట్టవచ్చు, మూత్రసంచిలో రాయి పెరగవచ్చు, గులకరాళ్ళు మింగి వుండవచ్చు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. మనకు పెంచడమంటే పెట్టడం. పిల్ల నోరు తెరిచి తింటుంటే మన చెయ్యి ఊరుకోదు. ఓ బొప్పాయి ముక్క, ఓ టమాటా, రెండు పెరుగన్నం మెతుకులు. ఆబగా తింటుంది కూడాను. అడవిలో పుట్టిన తాబేలు పిల్లకు ఏడాదిలో కొద్ది నెలలే పచ్చటి మేత దొరుకుతుంది, మిగతాకాలం ఎండకో చలికో పస్తు. ఇంట్లో ఏడాది పొడుగునా వెచ్చదనం, మూడుపూటలా తిండి. అంచేత అడవి పిల్ల ఏళ్ళమీద పెరిగేదంతా ఇంటిపిల్ల నెలల్లో పెరిగేస్తుంది. అలా పెరిగేదానికి సున్నమూ, తడీ, ఎండా ఏది తక్కువైనా డిప్ప మీదే తేలుతుంది. నున్నగా వుండాల్సిన డిప్ప మీద ఒక్కొక్క పలకా గోపురంలా పైకి లేస్తుంది. మన నక్షత్ర తాబేలుకు కొంత ఎత్తుపల్లాలు సహజమే గాని హెర్మన్‌కూ సల్కాటాకూ కాదు. ఒకసారి లేచిన గోపురం మళ్ళీ అణగదు. ఆ తరవాత వచ్చే పెరుగుదల నున్నగా వచ్చేటట్టు చూసుకోగలం, అంతే.

ఈ గోపురాలకు కారణం మాంసకృత్తులు ఎక్కువ కావడమేనని చాలాకాలం అనుకున్నారు. 2003లో వియన్నా పరిశోధకులు సల్కాటా పిల్లల్ని గుంపులుగా చేసి, కొన్నింటిని పొడిగాలిలో, కొన్నింటిని తేమగాలిలో, వేరువేరు మేతల మీద పెంచి చూశారు. పొడిగాలిలో పెరిగినవాటికే గోపురాలు ఎక్కువ లేచాయి, మేత తేడావల్ల వచ్చిన మార్పు కొంచెమే. హీటరు వేసిన అక్కడి గదుల్లో గాలి ఎంత పొడిగా వుంటుందో, పెదవులు పగిలిన మనకు వేరే చెప్పాలా! పిల్ల దాక్కునే మూలలో మట్టి తడిగా వుంచండి, రోజూ స్నానం మానకండి.

మేతకు ఆకులే మంచివి. డాండెలియన్ వంటి కలుపుమొక్కల ఆకులు, మందార ఆకూ పువ్వూ, ముళ్ళు తీసిన నాగజెముడు మట్ట. సల్కాటాకైతే ఎక్కువపాలు గడ్డి. పాలకూర మనకు మంచిదే గాని దానిలోని పదార్థం సున్నాన్ని ఒంటికి పట్టనివ్వదు, రోజూ పెట్టకండి. పండ్లూ, అన్నం, పాలు, రొట్టె వద్దు. సున్నానికి సముద్రపు నురుగు ముక్క పడేస్తే కొరుక్కుంటుంది. మన ఆయుర్వేద సరుకుల కొట్లో దొరికే ఆ తెల్ల పెంకే, అక్కడ పక్షుల సరుకులమ్మే కొట్లో వుంటుంది. తిన్న సున్నం ఎముకకు పట్టాలంటే అతినీలలోహిత కిరణాలు కావాలి. కిటికీ అద్దం వాటిని ఆపేస్తుంది గనుక అద్దంలోంచి పడే ఎండ సరిపోదు. అందుకే ప్రత్యేకమైన దీపం పెడతారు. ఆ దీపం వెలుగుతూనే వుంటుంది, కిరణాలు మాత్రం ఆరునెలలకో ఏడాదికో సన్నగిల్లిపోతాయి. కొన్న తేదీ నోటుబుక్కు మొదటి పేజీలో రాసిపెట్టండి.

పుట్టిన కొత్తలో డిప్ప కొంచెం మెత్తగా వుండడం సహజం. నెలలు గడిచినకొద్దీ గట్టిపడాలి. గట్టిపడ్డది మళ్ళీ మెత్తబడినా, కళ్ళు వాచి మూసుకుపోయినా, ముక్కులో బుడగలు కనిపించినా, వెనక కాళ్ళు ఈడుస్తున్నా తూకం రోజు దాకా ఆగకండి. అక్కడ కుక్కల్నీ పిల్లుల్నీ చూసే డాక్టర్లందరూ తాబేళ్ళను చూడరు. సరీసృపాలను చూసేవారు వేరే వుంటారు. ఆ డాక్టరు ఫోను నెంబరు మీ అమ్మాయిని ముందే కనుక్కోమని, ఫ్రిజ్ తలుపు మీద అంటించమనండి. వెళ్ళేటప్పుడు నోటుబుక్కు చేతిసంచిలో వేసుకోండి, ఆయన మొట్టమొదట అడిగేది అదే.