"ఆయుధము" అను పదము: చట్టము, వంశచిహ్నము, వాడుక

"ఆయుధము" అనగానే కత్తి, తుపాకి మన మనస్సున మెదలును. అయితే ఈ పదము చట్టములో ఒక విధముగా, వంశచిహ్నముల శాస్త్రములో మరియొక విధముగా, వాడుకలో ఇంకొక విధముగా ఉపయోగింపబడుచున్నది. ఈ భేదమును గమనింపక ప్రసంగించినయెడల వినువారు వాక్యభావమును అపార్థము చేసికొను ప్రమాదము కలదు.

1. చట్టము: దాడికి గాని రక్షణకు గాని ఆయుధముగా రూపొందించిన, లేక అందుకు అనువుగా మార్చిన వస్తువును 1959 నాటి భారత ఆయుధముల చట్టము ఆయుధమనుచున్నది. తుపాకులు, పదునైన మారణాయుధములు, వాటి విడిభాగములు ఇందులో చేరును. కేవలము ఇంటి పనికి, వ్యవసాయమునకు ఉద్దేశించినవి, లాఠీ, మామూలు చేతికర్ర వంటివి, చేరవు. ఈ నిర్వచనములో ముఖ్యమైనది వస్తువు దేనికొరకు చేయబడినదను ప్రశ్న.

2. వంశచిహ్నము: 12వ శతాబ్దమున పశ్చిమ ఐరోపా యోధులు తమ డాళ్లపై ప్రత్యేకమైన గుర్తులు వేయించుకొనసాగిరి. అవి క్రమముగా వంశపారంపర్యమాయెను. కవచముపై తొడుగుకొను వస్త్రముమీదను అదే గుర్తు ఉండుటచేత "కోట్ ఆఫ్ ఆర్మ్స్" అను పేరు వచ్చెను. 1484లో లండనులో స్థాపింపబడిన కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ నేటికిని ఇట్టి చిహ్నములను నమోదు చేయుచున్నది. ఇచ్చట "ఆర్మ్స్" గాయపరచునవి కావు. ధరించినవాడు ఎవరివాడో తెలుపునవి. ఇశ్రాయేలీయులు తమ పితరుల కుటుంబముల గురుతులయొద్ద దిగుట (సంఖ్యా. 2:2) దీనికి కొంత పోలికగా ఉన్నది.

3. వాడుక: కలము, ఓటు, మౌనము కూడ ఆయుధములే అందుము. ఇక్కడ వస్తువు కంటె దాని ప్రయోగమే ప్రధానము.

క్రొత్త నిబంధనలో "హోప్లా" అను గ్రీకు పదమును మన తెలుగు బైబిలు యోహాను 18:3లో "ఆయుధములు" అనియు, రోమా 6:13లో "సాధనములు" అనియు, 2 కొరింథీ 10:4లో "యుద్ధోపకరణములు" అనియు అనువదించెను. మొదటిది యేసును పట్టుకొన వచ్చినవారి చేతులలోనిది. రెండవది మన అవయవములే. చట్టము చేతిని ఆయుధముగా లెక్కింపదు, పౌలు లెక్కించెను. అది దేనికొరకు చేయబడెనని మాత్రమే గాక, ఎవరికి అప్పగింపబడెనని అతడు అడుగుచున్నాడు. మూడవది శరీరసంబంధమైనది కాదని అతడే స్పష్టపరచెను.

కాబట్టి ఆత్మీయ యుద్ధమును గూర్చి బోధించునప్పుడు మనము ఏ అర్థములో మాటలాడుచున్నామో సంఘమునకు విప్పి చెప్పవలెను. ఒక యౌవనస్థుడు పొరుగువానిని శత్రువుగా ఎంచి ఇంటికి వెళ్లినయెడల, మన ప్రసంగము పేతురు చేతికి మరల కత్తినిచ్చినట్లే. ప్రభువు దానిని ఒరలో ఉంచుమనెను (యోహాను 18:11).