పీజీ ర్యాంకుకు కళాశాల పేరు ఎంత పనికొస్తుంది?

ఎంబీబీఎస్ పూర్తిచేసిన వైద్యుడికి రేడియాలజీ, చర్మవ్యాధులు, జనరల్ మెడిసిన్, పిల్లల వైద్యం వంటి పోటీ ఎక్కువగా ఉన్న విభాగాల్లో పీజీ సీటు దొరకాలంటే దేశంలో ప్రధానమైన దారి ఒక్కటే, నీట్ పీజీ. 200 ప్రశ్నలు, 800 మార్కులు, మూడున్నర గంటలు. సరైన జవాబుకు నాలుగు మార్కులు, తప్పు జవాబుకు ఒక మార్కు కోత. ఏటా రెండు లక్షల మందికి పైగా రాసే ఈ పరీక్షలో అభ్యర్థి ఎక్కడ చదివాడన్నదానికి ఒక్క మార్కూ లేదు. 1923లో పుట్టిన విశాఖ ఆంధ్ర వైద్య కళాశాల విద్యార్థికీ, 2023లో మొదలైన మచిలీపట్నం ప్రభుత్వ కళాశాల విద్యార్థికీ ప్రశ్నపత్రం ఒకటే.

ఎంబీబీఎస్ ప్రవేశానికి రాసే నీట్ ఫలితాలు వచ్చాక పల్నాడులో, నరసరావుపేటలోనో మాచర్లలోనో ఇళ్లలో జరిగే చర్చల్లో ఈ సంగతి తరచూ మరుగున పడుతుంది. ‘ఆ కాలేజీలో రేడియాలజీ పీజీ ఉందట, అక్కడ చేరితే రేపు సీటు సులువు’ అన్న మాట మీదే లక్షల రూపాయల నిర్ణయాలు జరిగిపోతుంటాయి. కళాశాలలో పీజీ విభాగం ఉన్నంత మాత్రాన అక్కడ ఎంబీబీఎస్ చదివినవారికి ఆ సీటు దక్కదు. ప్రభుత్వ కళాశాలల పీజీ సీట్లలో సగం అఖిల భారత కోటాకు పోతాయి. వాటికి కశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా ఎవరైనా పోటీదారులే. మిగిలిన సగం రాష్ట్ర కోటాలో డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం ర్యాంకుల ప్రకారమే భర్తీ చేస్తుంది.

అయితే కొన్ని మినహాయింపులున్నాయి. ఎయిమ్స్, చండీగఢ్ పీజీఐ, పుదుచ్చేరి జిప్‌మర్, బెంగళూరు నిమ్‌హాన్స్ వంటి జాతీయ సంస్థలు నీట్ పీజీ ద్వారా కాకుండా ఏడాదికి రెండుసార్లు జరిగే ఐఎన్ఐ సెట్ ద్వారా సీట్లు నింపుతాయి. ఎయిమ్స్‌లో ఎంబీబీఎస్ చదివినవారికి తమ సంస్థ పీజీ సీట్లలో కొంత ప్రాధాన్యం ఉంటుంది. రెండో మినహాయింపు 2025 జనవరి 29న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో బలపడింది. పీజీ వైద్య సీట్లలో నివాసం ఆధారంగా రిజర్వేషన్ చెల్లదని, చదివిన సంస్థ ఆధారంగా పరిమిత స్థాయిలో ప్రాధాన్యం ఇవ్వవచ్చని కోర్టు చెప్పింది. అంటే పుట్టిన ఊరి కంటే ఎంబీబీఎస్ చదివిన చోటుకే రేపు విలువ పెరగవచ్చు. పక్క రాష్ట్రంలో చేరాలనుకునే పల్నాడు విద్యార్థి ఈ తీర్పును, ఆ రాష్ట్రపు పీజీ నిబంధనలను, బాండు షరతులను చేరేముందే చదువుకోవాలి.

కళాశాల పేరుకు మార్కులు లేవు కాబట్టి అన్నీ ఒకటే అనుకుంటే మాత్రం పొరపాటు. తేడా రోగుల దగ్గర వస్తుంది.

గుంటూరు వైద్య కళాశాల 1946లో మొదలైంది. దానికి అనుబంధమైన ప్రభుత్వ సర్వజన ఆస్పత్రికి పల్నాడు నుంచి రోగులు పెద్దసంఖ్యలో వెళతారు. పత్తి, మిరప పండే నేల కాబట్టి పురుగుమందు తాగినవాళ్లు, పిచికారీ చేస్తూ పడిపోయినవాళ్లు క్యాజువాల్టీకి వస్తూనే ఉంటారు. అలాంటి రోగి కనుపాపలు సూదిమొనంత చిన్నవై ఉంటాయి. నోట్లోంచి చొంగ కారుతుంది, ఒళ్లంతా చెమట పడుతుంది, కండరాలు సన్నగా అదురుతుంటాయి, ఛాతీలో గురగుర వినిపిస్తుంది. అట్రోపిన్ ఎక్కించడం మొదలుపెట్టి, స్టెతస్కోపు పెట్టి వింటూ, చాలకపోతే మోతాదు పెంచుతూ పోతారు. ఎక్కడ ఆపాలన్నదే అసలు ప్రశ్న. కనుపాప పెద్దదయిందని కాదు, ఊపిరితిత్తుల్లో తడి ఆరిందని తేలాకే పెంచడం ఆపుతారు. పీజీ పరీక్షకు తయారయ్యేవారు తప్పక చదివే విషయం ఇది. పుస్తకంలో మాత్రమే చదివిన విద్యార్థి రెండు జవాబుల మధ్య తటపటాయిస్తాడు. తెల్లవారుజామున ఆ రోగి పక్కన నిలబడినవాడికి ఆ అవసరం రాదు. పాముకాటు, వినుకొండ వైపు ఫ్లోరైడ్ ఎముకలు, పిడుగురాళ్ల సున్నపు బట్టీల దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బులు కూడా ఇలాంటివే. ప్రవేశపరీక్ష ప్రశ్నలు క్రమంగా రోగి కథ చెప్పి జవాబు అడిగే తీరుకు మారుతున్నాయి కాబట్టి, నిండుగా ఉన్న వార్డు పెద్ద కోచింగ్ కిందే లెక్క.

రద్దీ ఉన్న పాత ఆస్పత్రికి మరో ముఖం కూడా ఉంది. పీజీ విద్యార్థులు ఎక్కువగా ఉన్నచోట కాన్పులు, కుట్లు, చిన్న శస్త్రచికిత్సలు వాళ్ల చేతుల్లోకి పోతాయి. హౌస్ సర్జన్‌కు రక్త నమూనాలు తీయడం, సెలైన్ పెట్టడం, ల్యాబ్ రిపోర్టుల కోసం తిరగడం మిగులుతుంది. పీజీలు లేని కొత్త కళాశాలలో చేతికి పని ఎక్కువ దొరుకుతుంది కానీ, నేర్పే ప్రొఫెసర్లు పూర్తిగా ఉన్నారో లేదో చూసుకోవాలి. ఐదున్నరేళ్ల చదువులో చివరి ఏడాది తప్పనిసరి ఇంటర్న్‌షిప్. పీజీ పరీక్షకు గట్టిగా చదవాల్సిన కాలం కూడా అదే. డ్యూటీలు ఎలా వేస్తారు, సెలవు దొరుకుతుందా, గ్రంథాలయం రాత్రి ఎంతవరకు తెరిచి ఉంటుంది అన్నవి బ్రోషర్లలో కనపడవు. అక్కడ చదువుతున్న సీనియర్లను అడిగితేనే తెలుస్తాయి. ఒక బ్యాచ్‌లో పీజీ తయారీ వాతావరణం ఉంటే వెనకబడ్డ విద్యార్థి కూడా దాంతో నడుస్తాడు. ఆ వాతావరణం ఉందో లేదో చెప్పేది కూడా వాళ్లే.

డబ్బు లెక్క ఇంతకంటే ముఖ్యం. రాష్ట్రంలో ప్రైవేటు వైద్య కళాశాలల సీట్లు మూడు రకాలు. 50 శాతం కన్వీనర్ కోటా, 35 శాతం మేనేజ్‌మెంట్ కోటా, 15 శాతం ఎన్నారై కోటా. 2023లో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలల్లో ప్రారంభమైన ఐదు ప్రభుత్వ కళాశాలల్లో కూడా కొన్ని సీట్లకు ఏడాదికి 12 లక్షలు, ఎన్నారై సీట్లకు 20 లక్షలు ఫీజుగా పెట్టారు. ఎంబీబీఎస్‌కే పొలం అమ్మేసిన కుటుంబం దగ్గర పీజీకి మిగిలేది ఉండదు. పోటీ ఉన్న విభాగంలో ఒక్కోసారి మంచి ర్యాంకు కూడా ప్రభుత్వ సీటుకు కొద్దిలో తప్పిపోతుంది. అప్పుడు మరో ఏడాది ఇంట్లో కూర్చుని చదివే వెసులుబాటు అప్పు లేని విద్యార్థికే ఉంటుంది. కన్వీనర్ కోటాలో వచ్చిన మామూలు కళాశాల సీటు, అప్పు చేసి కొన్న పేరున్న కళాశాల సీటు కంటే మేలనడానికి ఇదే ప్రధాన కారణం. అర్హత సాధించడం వేరు, కోరిన సీటు రావడం వేరు. 2023లో నీట్ పీజీ అర్హత పర్సంటైల్‌ను సున్నాకు దించినా రేడియాలజీ సీటు ఎవరికీ తేలిక కాలేదు.

పద్దెనిమిదేళ్లకే విభాగం నిర్ణయించుకుని కళాశాల వెతకడం కూడా అంత తెలివైన పని కాదు. ‘రేడియో’ అంటూ చేరినవాళ్లు మూడో ఏడాదికల్లా గైనిక్ వైపో ఆర్థో వైపో మళ్లడం మామూలే. ఎంబీబీఎస్ ఎక్కడన్నది, పీజీ ఎక్కడన్నది రెండు వేర్వేరు నిర్ణయాలు. కండ్లగుంటలో పుట్టిన కోడెల శివప్రసాదరావు గుంటూరు వైద్య కళాశాలలో ఎంబీబీఎస్, వారణాసిలో ఎం.ఎస్. చేసి, నరసరావుపేటలో శస్త్రవైద్యుడిగా పేరు తెచ్చుకున్నారు. ఆ తర్వాత 2014లో విభజిత ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి స్పీకర్ అయ్యారు. రోగులు పేటకు వచ్చింది ఆయన చేతివాసి విని.

కళాశాల పేరుకు నిజంగా బరువుండేది అమెరికా దారిలో. అక్కడ రెసిడెన్సీ ఎంపికలో పరీక్ష మార్కులతో పాటు చదివిన సంస్థ, సిఫారసు లేఖలు, పరిశోధన, ఆస్పత్రి అనుభవం అన్నీ చూస్తారు. అమెరికా వైద్య లైసెన్సు మొదటి పరీక్షకు 2022 జనవరి నుంచి మార్కులు ఇవ్వడం మానేసి, ఉత్తీర్ణత మాత్రమే ప్రకటిస్తున్నందున మిగతా అంశాల విలువ పెరిగింది. గుంటూరు కళాశాల పూర్వ విద్యార్థులు ఉత్తర అమెరికాలో ‘జింకానా’ పేరిట సంఘంగా ఉన్నారు. తమ పాత ఆస్పత్రిలో తల్లీబిడ్డల విభాగానికి కొత్త భవనం కోసం విరాళాలిచ్చింది వాళ్లే. అలాంటి సీనియర్ల గొలుసు ఉన్న కళాశాల, ఆ దేశం వెళ్లాలనుకునేవారికి ఉపయోగపడుతుంది. విదేశాల్లో ఎంబీబీఎస్ చదివి వచ్చేవారి పరిస్థితి వేరు. 300 మార్కులకు కనీసం 150 రావలసిన ఎఫ్ఎంజీఈ అర్హత పరీక్ష గడప ముందు దాటాలి. నీట్ పీజీ పోటీ ఆ తర్వాత.

పల్నాడు విద్యార్థికి ఆప్షన్ల వరుస ఎలా ఉండాలన్నది ఇక కష్టమైన లెక్క కాదు. పల్నాడు ఆంధ్ర విశ్వవిద్యాలయ స్థానిక ప్రాంతంలోకి వస్తుంది కాబట్టి గుంటూరు, కాకినాడ, విశాఖ కళాశాలల్లో 85 శాతం స్థానిక కోటా వర్తిస్తుంది. కర్నూలు, తిరుపతిలో వర్తించదు. ర్యాంకు వస్తే 2018లో తరగతులు మొదలైన మంగళగిరి ఎయిమ్స్ మొదటి వరుసలో ఉండాలి. ఫీజు నామమాత్రం, ఐఎన్ఐ సెట్‌లో ప్రాధాన్యం అదనం. తర్వాత పాత ప్రభుత్వ కళాశాలలు. వాటి వెనక కొత్త ప్రభుత్వ కళాశాలల సాధారణ సీట్లు. ఆ తర్వాత ప్రైవేటు కన్వీనర్ సీట్లు. పిడుగురాళ్లకు మంజూరైన ప్రభుత్వ కళాశాల తరగతులు ప్రారంభించాక, ఇంటికి దగ్గరన్న కారణం కంటే అక్కడి బోధకుల సంఖ్య, మంచాల నిండుదనం చూసి దాన్ని ఏ వరుసలో పెట్టాలో తేల్చుకోవడం మంచిది.

ఇన్-సర్వీస్ కోటా అనే ఇంకో దారి కూడా ఉంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో నిర్ణీతకాలం పనిచేసిన ప్రభుత్వ వైద్యులకు రాష్ట్ర పీజీ సీట్లలో వాటా ఉంటుంది. ఆ వాటా శాతం ప్రభుత్వ ఉత్తర్వులతో మారుతుంటుంది. 2024లో తగ్గించినప్పుడు ఆ వైద్యులు ఆందోళనకు దిగారు కూడా. కోటా ఉన్నా నీట్ పీజీ రాయక తప్పదు.

ప్రైవేటు కళాశాల ఆప్షన్ పెట్టేముందు ఆ ఆస్పత్రి ఓపీని ఒక మామూలు పనిరోజు ఉదయం పదింటికి స్వయంగా చూసి రావాలి. తనిఖీ రోజున మంచాలు నింపే అలవాటు కొన్నిచోట్ల ఉంది కాబట్టి, మిగతా రోజుల్లో వార్డులు ఎలా ఉంటాయన్నది తల్లిదండ్రులే చూసుకోవాలి.