చమురు బావికి గాజు నాడి
ఒత్తిడి ఎక్కడ పోయిందో చెప్పే వెలుగు తీగ

(మా వాణిజ్య ప్రతినిధి)

హైదరాబాదు: ఫిలిం నగర్ నుండి అవుట్‌డోరు షూటింగుకు కదిలే జనరేటరు వ్యానుకు డీజిలు ఎంత అవసరమో, జూబ్లీహిల్స్‌లో వాయిదా వ్యాపారం చేసే బ్రోకరుకు ముడిచమురు ధర అంత అవసరము. అయితే ధర చూసేవారు పలువురే గాని, బావి లోపలి ఒత్తిడిని గురించి విచారించేవారు తక్కువ.

ఆ ఒత్తిడి ఎంత ఖరీదైనదో ఆంధ్ర వర్తకులకు ఒకసారి తెలిసివచ్చింది. కృష్ణా-గోదావరి బేసిన్‌లోని డి-6 బ్లాకులో 2009 ఏప్రిల్‌లో గ్యాసు ఉత్పత్తి మొదలైంది. 2010లో అది రోజుకు సుమారు 6 కోట్ల ఘనపు మీటర్లకు చేరింది. 8 కోట్లు వచ్చునని ఆశించగా, ఆ తరువాత ఏటేటా పడిపోయింది. బావులలో ఒత్తిడి తగ్గి, నీరు, ఇసుక చొరబడ్డాయి. భూగర్భ పరిస్థితులు ఊహించినదానికంటె చిక్కుగా ఉన్నాయని కంపెనీ అన్నది. తవ్వవలసినన్ని బావులు తవ్వలేదని ప్రభుత్వ వర్గాలు అన్నాయి. ఆ గ్యాసును నమ్ముకుని రాష్ట్రంలో కట్టిన విద్యుత్ కేంద్రాలు పడకేశాయి.

ఇలాంటి బావికి రోగనిర్ణయం చేయడానికి ఇప్పుడు ప్రపంచ చమురు క్షేత్రాలలో వెంట్రుకవంటి గాజు తీగను, అనగా ఆప్టికల్ ఫైబరును, ఉక్కు గొట్టంలో భద్రపరచి బావిలోకి దింపుతున్నారు. పైనుండి లేజరు వెలుగు పంపుతారు. అందులో అతి స్వల్పభాగం దారి పొడవునా వెనుకకు చెదరి వస్తుంది. గాజులో వెలుగు వేగం సెకండుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు కనుక, వెలుగు తిరిగివచ్చిన కాలాన్ని బట్టి అది ఎంత లోతునుండి వచ్చిందో కట్టవచ్చు.

చెదరిన వెలుగులో ఉష్ణోగ్రత కూడా తెలుస్తుంది. విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్ 1928లో వెల్లడించిన ఫలితమే దీనికి ఆధారము. సైకిలు ట్యూబు గాలి వదిలితే వాల్వు చల్లబడినట్లు, అధిక ఒత్తిడినుండి గ్యాసు సన్నని రంధ్రంగుండా దూసుకువచ్చేచోట చల్లబడుతుంది. ఆ చల్లదనం ఎన్ని మీటర్ల లోతున ఉన్నదో తీగ చూపుతుంది. మరొక పద్ధతిలో తీగ అంతా వరుసగా అమర్చిన మైకుల వలె పనిచేసి, సిమెంటు పగుళ్లలో గ్యాసు బుసను వింటుంది. డబ్బింగు థియేటరులో ఏ మైకునుండి రొద వస్తున్నదో సౌండు ఇంజనీరు పట్టినట్లే ఇది. ఒత్తిడినే నేరుగా కొలవడానికి తీగలో నిర్ణీత చోట్ల వేరే సెన్సార్లు అమర్చుతారు.

వ్యాపారికి ఇందులో పనికివచ్చే భేదము ఒకటున్నది. గొట్టం కారుతూ ఒత్తిడి తగ్గితే, అది దుకాణం తలుపు విరగడము. మరమ్మతుతో సరిపోతుంది. భూగర్భ నిల్వే తరిగితే, అది గోదాములో సరకు అయిపోవడము. ఉత్పత్తి అంకె రెండింటిలోనూ పడుతుంది. ఏది ఏదో తెలియకుండా కొన్నవాడికీ, అమ్మినవాడికీ నష్టమే. ప్రమాదమూ చిన్నది కాదు. 1995 జనవరిలో పాశర్లపూడి బావిలో ఒత్తిడి అదుపు తప్పి ఎగసిన మంట రెండు నెలలకు పైగా ఆరలేదు.

అయితే తీగ సర్వరోగ నివారిణి కాదు. బావి వేడికి, హైడ్రోజనుకు గాజు మసకబారుతుంది. సంకేతాలను చదవగల నిపుణులు కావాలి. పాత బావిలో శాశ్వతంగా అమర్చడం ఖరీదైన పని. తీగ కారుడును చూపగలదు గాని, నిల్వలను పెంచలేదు.

డి-6 తొలి క్షేత్రాలు 2020 ఫిబ్రవరిలో మూతబడ్డాయి. అదే బ్లాకులో ఆ సంవత్సరం డిసెంబరులోనే కొత్త క్షేత్రం మొదలైంది. బేసిన్‌లో సరకు లేదనడం తొందరపాటు, ఎప్పటికీ ఉంటుందనడం అత్యాశ. ఇకమీదట కంపెనీ ప్రకటనలో ఉత్పత్తి అంకె చూసినప్పుడు, దాని పక్కన బావి ఒత్తిడి అంకె ఉన్నదా అని వెదకడం వర్తకులకు మేలు.