రష్యా రాజ్ఞియు రాస్పుటినును

రష్యా దేశమును 1613 మొదలు 1917 వరకు, అనగా 304 సంవత్సరములు, రొమనోవు వంశమువారు పాలించిరి. ఆ వంశము కూలుటకు గల కారణములను జెప్పునపుడు చరిత్రకారులు యుద్ధమును, పట్టణములలోని ఆకలిని, రైతుల యార్తిని, పాలకుల మొండితనమును పేర్కొందురు. కాని సామాన్యజనుల నోట మొదట వచ్చు పేరు రాస్పుటిను. చదువు అంతగా రాని యొక పల్లెటూరి రైతు చక్రవర్తి యంతఃపురమున జొచ్చి, రాణిని మాయలో ముంచి, రాజ్యమును చెఱిచెనని లోకమున వాడుక. ఈ కథను నవలలుగా వ్రాసినవారును, చలనచిత్రములుగా దీసినవారును అతని కన్నులను, గడ్డమును, మద్యపానమును విరివిగా వర్ణించిరి. అతనికి తలుపు తీసిన చేయి యెవరిదో, ఏల తీసెనో విచారించినవారు తక్కువ. ఆ చేయి యొక తల్లిది. కావున స్త్రీలమగు మనము ఈ కథను ఆ తల్లి వైపునుండి చదువవలసి యున్నది.

అలెగ్జాండ్రా రాణి 1872లో జర్మనీయందలి హెస్సె సంస్థానమున జన్మించెను. మన దేశమునకు చక్రవర్తినియని బిరుదు వహించిన విక్టోరియా రాణికి ఈమె కూతురి కూతురు. ఆఱేండ్ల ప్రాయముననే తల్లి కంఠసర్పి వ్యాధిచే మరణింపగా, అమ్మమ్మ చాటున పెరిగెను. 1894లో రష్యా చక్రవర్తి రెండవ నికొలాసును వివాహమాడెను. మామగారి ఉత్తరక్రియలు జరిగిన వారము దినములకే పెండ్లి యగుటచే, శవపేటిక వెంట వచ్చిన పెండ్లికూతురని జనులు దానిని అపశకునముగా దలచిరి. ఆమె సహజముగా బిడియము గలది. సభలలో నోరు మెదపలేకుండెడిది. రాజధానిలోని పెద్దింటి స్త్రీలు ఆ బిడియమును గర్వమని యెంచిరి.

ఆ పిమ్మట 1895, 1897, 1899, 1901 సంవత్సరములలో వరుసగా నలుగురు కుమార్తెలు గలిగిరి. 1797లో చేయబడిన శాసనము ననుసరించి, వంశమున పురుషుడున్నంత వరకు స్త్రీకి సింహాసనము దక్కదు. ఒక్కొక్క కాన్పునకు కోట ఫిరంగులు మ్రోగుచుండగా జనులు లెక్కపెట్టి పెదవి విఱచిరి. వరుసగా ఆడుపిల్లలను గన్న కోడలి బాధ మన పాఠకురాండ్రకు వివరింపనక్కఱలేదు. పుత్రప్రాప్తికై ఫ్రాన్సు దేశపు ఫిలిప్ అను మంత్రవైద్యుని రావించిరి. 1902లో రాణి గర్భవతి యని తలచి కొన్ని నెలలు గడపగా, తుదకు అది గర్భము కాదని తేలెను. 1903లో దంపతు లిరువురును సరోవు క్షేత్రమునకు యాత్రవెడలి, సెరాఫిం అను సాధువు పేరిటి నీటియూటలో రాణి స్నానమాచరించెను. మఱుసటి సంవత్సరము, 1904 ఆగస్టు 12వ తేదీన, కుమారుడు గలిగెను. రాస్పుటిను ఆ గడప త్రొక్కుటకు ముందే, మ్రొక్కుబడులును మహిమలును ఆ యింట స్థిరపడియుండెనని మనము గమనింపవలెను.

అలెక్సీ యని పేరిడిన ఆ శిశువునకు ఆఱు వారములు నిండినంతనే బొడ్డునుండి రక్తము కారి, ఒకపట్టున నిలువదయ్యెను. తల్లికి విషయము వెంటనే తెలిసియుండును. ఆమె యన్నలలో నొకడు రెండేండ్ల వయస్సున కిటికీనుండి పడి, లోపల రక్తము నిలువక 1873లో మరణించెను. మేనమామ లియొపోల్డు 1884లో జాఱిపడి అట్లే పోయెను. అక్క ఐరీను కొడుకు నాలుగేండ్లవాడు అలెక్సీ పుట్టిన యేటనే, ఆఱు నెలలకు ముందు, అదే కారణముచే మరణించెను. దీనిని హీమోఫిలియా యందురు. రక్తమును గడ్డకట్టించు పదార్థములలో నొకటి లోపించుటయే ఈ వ్యాధి. ఆ లోపము ఎక్స్ క్రోమోజోము నాశ్రయించి యుండును. స్త్రీకి అట్టివి రెండు గలవు గాన, ఒకటి చెడినను రెండవది చాలవఱకు కాపాడును. పురుషునకు ఒక్కటియే గాన రక్షణ లేదు. తల్లి తాను సుఖముగా నుండియే కుమారునకు రోగము నిచ్చును; అట్టి తల్లికి గలుగు ప్రతి కుమారునకును సగము పాలు భయము. 2009లో ఆ కుటుంబమువారి యెముకలను పరీక్షించిన శాస్త్రజ్ఞులు, అలెక్సీకి గలిగినది హీమోఫిలియాలో బి యను భేదమని తేల్చిరి. ఇందు తల్లి దోషమేమియు లేదు. కాని తన గర్భమే తన బిడ్డకు విషమయ్యెనను తలపు ఆ తల్లిని ఏ శాస్త్రము నోదార్పగలదు?

రాజదంపతులు ఈ సంగతిని గుప్తముగా నుంచ నిశ్చయించిరి. దేశమునకు కాబోవు చక్రవర్తి యే నిముసమునకైన చనిపోవునని తెలిసినచో సింహాసనమునకు బలము తగ్గునని వారి భయము. ఆ మఱుగు ఎంతటిదో పియెర్ గిలియార్ అను స్విట్జర్లాండు ఉపాధ్యాయుని వ్రాతలు చెప్పును. అతడు 1905 మొదలు రాకుమార్తెలకు ఫ్రెంచి భాష నేర్పుచుండినను, 1913లో అలెక్సీకి గురువుగా నియమింపబడు వఱకు పిల్లవాని రోగమేదో అతనికి చెప్పినవారు లేరు.

1912 అక్టోబరులో వారు పోలండులోని స్పాలా యను వేటవిడిదిలో నుండిరి. బండి కుదుపునకు ఎనిమిదేండ్ల అలెక్సీకి తొడలోపల రక్తము స్రవించి, కాలు ముడుచుకొనిపోయెను. దినములకొలది బాధ. చనిపోయిన తరువాత నొప్పి యుండదు గదా యని బిడ్డ తల్లి నడిగెనట. ఆ దినములలోనే యొక సాయంకాలము అతిథుల యెదుట రాకుమార్తెలు మోలియేర్ నాటకములోని రంగముల నాడిరి. రాణి ముందువరుసలో గూర్చుండి నవ్వుచు మాటలాడుచుండెను. ఆట ముగిసినపిమ్మట గిలియార్ నడవలోనికి రాగా పిల్లవాని మూలుగులు వినవచ్చెను. ఇంతలో రాణి రెండుచేతులతో చీరచెఱగువలె తన గౌనును పైకెత్తి పట్టుకొని పరుగున వచ్చి, ఎదుటనున్న యతనిని జూడకయే దాటిపోయెను. కొన్ని నిముసములకు మరల సభలో నవ్వుమొగముతో నిలిచియుండెను. ఆ నవ్వును నిలుపుకొనుట ఆమెకు రాజధర్మము. ఆ పరుగే తల్లి నిజస్వరూపము. జనులకు నవ్వు మాత్రమే చూపబడెను.

ఇక నీ యింట ప్రవేశించిన వానిని గూర్చి చెప్పవలెను. గ్రిగోరి రాస్పుటిను సైబీరియాలో పొక్రోవ్‌స్కొయె గ్రామమున 1869లో జన్మించెను. భార్యాబిడ్డలు గలవాడు. అతడు మఠములో దీక్ష గొన్న సన్యాసియు గాడు, పౌరోహిత్యము గలవాడును గాడు; కాలినడకను క్షేత్రములు తిరిగి, ప్రార్థనలు నేర్చి, మనుష్యుల మనస్సు నెఱుగు నేర్పు సంపాదించిన దేశదిమ్మరి. కొందఱు మతాధికారుల మెప్పును, రాజబంధువుల ప్రాపకమును బొంది, 1905 నవంబరున చక్రవర్తి దంపతుల దర్శనము చేసెను. తరువాతి యేండ్లలో రాకుమారుని మంచముచెంత ప్రార్థించుటకు పిలువబడుచుండెను. స్పాలాలో వైద్యులు ఆశ వదలి, తుది మతసంస్కారములు గూడ జరిగినపిమ్మట, రాణి యతనికి తంతి పంపించెను. బిడ్డ చావడనియు, వైద్యులచే మిక్కిలిగా బాధింపనీయవద్దనియు సైబీరియానుండి ప్రత్యుత్తరము వచ్చెను. స్వల్పకాలములోనే రక్తము నిలిచెను. ఆనాటినుండి రాణికి అతడు దైవము పంపిన రక్షకుడు.

ఇది మహిమయా? వైద్యులు వేఱు సమాధానములు చెప్పుదురు. రక్తస్రావము కొన్ని దినములకు తనంత తానే నిలుచుట గలదు. తల్లి కలవరము తగ్గినచో బిడ్డ భయము తగ్గును. కదలక పడుకొన్న శరీరమునకు మేలు కలుగును. మాటిమాటికి నొక్కి చూచు వైద్యుల చేతులు తొలగుటయే ఉపకారమై యుండవచ్చును. ఆ కాలమున క్రొత్తగా వాడుకలోనికి వచ్చిన ఆస్పిరిను రక్తమును పలుచన చేయు మందనియు, బిడ్డకు దానిని ఇచ్చుచుండినయెడల మందులు మానుటయే మేలు చేసియుండుననియు కొందఱి యూహ. దీనికి రుజువు లేదు. ఏది యెట్లున్నను, శాస్త్రజ్ఞులు చేతులెత్తిన రాత్రి, బిడ్డ బ్రదుకునని చెప్పినవాడు ఒక్కడే. ఆ మాటను ఏ తల్లి త్రోసివేయగలదు?

అంతఃపురమున అతడు వినయముగా నుండి, దంపతులను తల్లిదండ్రులని సంబోధించుచు, సైబీరియా కథలు చెప్పెడివాడు. బయట నగరమున త్రాగి తందనా లాడెడివాడు. స్త్రీల విషయమున నీచముగా వర్తించెడివాడు. గొరొఖొవయ వీథిలోని యతని యింటిముందు ఉద్యోగములకును సిఫారసులకును వచ్చినవారు బారులుతీరి నిలిచెడివారు. మంత్రులకు వంకరటింకర యక్షరములతో చీటీలు వ్రాసియిచ్చెడివాడు. ప్రధానమంత్రి స్తొలీపిన్ 1911లో చక్రవర్తికి నివేదిక సమర్పించెను, ఫలము లేదు. రాణికి తన కన్నులార జూచిన రూపమొక్కటే సత్యము. రెండవదానిని చెప్పవచ్చినవారందఱు శత్రువులు. 1912లో ఆమె యతనికి భక్తితో వ్రాసిన యుత్తరముల నకళ్లు నగరమున చేతులు మాఱెను. రోగము సంగతి తెలియని జనులు, ఒక స్త్రీ పరపురుషునకు అట్లేల వ్రాసెనని ప్రశ్నించుకొని, తమకు తోచిన నీచపు సమాధానమే యిచ్చుకొనిరి.

1914లో యుద్ధము వచ్చెను. యుద్ధము వలదని రాస్పుటిను చక్రవర్తికి తెలిపినను అతడు వినలేదు. ఆ తాంత్రికుడు చెప్పినదెల్ల చక్రవర్తి చేసెననుట అబద్ధమనుటకు ఇదియే నిదర్శనము. కాని 1915 సెప్టెంబరులో నికొలాసు తానే సేనాధిపత్యము వహించి మొగిల్యోవునకు వెడలగా, రాజధానిలో రాణి మాటకు బలము హెచ్చెను. దంపతులు ఆంగ్లములో వ్రాసికొన్న జాబులలో "మన మిత్రుడు" ఇట్లు చెప్పెనని ఆమె పలుమాఱు వ్రాసెను. ఒకటిన్నర సంవత్సరములో నలుగురు ప్రధానమంత్రులు పదవిలో గనబడిరి. రాణియు పెద్దకుమార్తె లిరువురును దాదులుగా శిక్షణ పొంది, ఆసుపత్రిలో గాయపడిన సైనికుల పుండ్లు గడుగుచుండినను, జర్మను స్త్రీ గనుక శత్రువులకు గూఢచారిణియని నిందించిరి. ఆమె గూఢచారిణి కాదని తరువాతి విచారణలలో తేలెను. అప్పటికి నింద తనపని ముగించియుండెను.

1916 డిసెంబరు 30 తెల్లవాఱుజామున యూసుపొవు ప్రభువు గృహమున అతనిని చంపిరి. చక్రవర్తి పినతండ్రి కుమారుడు దిమీత్రియును, పురిష్కెవిచ్ అను సభాసభ్యుడును అందు పాలుగొనిరి. విషము పనిచేయలేదనియు, గుండ్లు తగిలినను లేచెననియు, నీటిలో మునిగి చచ్చెననియు హంతకులు చెప్పినదానికి లోకము చిలువలు పలువలు చేర్చెను. అతడు తుపాకి గుండ్లచే మరణించెనని శవపరీక్ష తెలిపినది. రాజ్యము దీనితో బాగుపడునని చంపినవారి యాశ. మూడు నెలలు నిండకయే, 1917 మార్చి 15న, నికొలాసు సింహాసనమును వదలెను.

ఆ కుటుంబమును సైబీరియాకు బంపిరి. 1918 ఏప్రిలులో చక్రవర్తిని వేఱొకచోటికి గొనిపోవ వచ్చినపుడు అలెక్సీ మరల మంచము పట్టియుండెను. భర్త వెంట పోవుటయా, బిడ్డ చెంత నుండుటయా యని ఆమె గదిలో నటునిటు తిరిగి, తుదకు బిడ్డను అక్కలకు అప్పగించి భర్తతో వెడలెను. మూడు వారములు దాటిన తరువాత గాని బిడ్డలు తల్లిని గలియలేదు. జూలై 17న ఎకతెరిన్‌బర్గులో అందఱును చంపబడిరి. నడువలేని కుమారుని తండ్రియే యెత్తుకొని ఆ నేలమాళిగలోనికి దిగెను. రాకుమార్తెల మెడలలో రాస్పుటిను పటము గల తాయెత్తు లుండెనని హంతకుల నాయకుడే వ్రాసియుంచెను.

మన భారతమున కుంతి కర్ణుని జన్మమును దాచెను. యుద్ధానంతరమున ఆ సంగతి విన్న ధర్మరాజు, స్త్రీల నోట రహస్యము నిలువకుండుగాక యని శపించెను. స్త్రీలను పరిహసించుటకు ఆ శాపమును వాడువారు, ఆ శాపమునకు మూలము దాచుటవలన గలిగిన నాశమని మఱతురు. అలెగ్జాండ్రాయు దాచినది. బిడ్డ రోగమును చెప్పియుండినచో ప్రభుత్వము నిలిచెడిదని నేననను. యుద్ధమును ఆకలియు అట్లే యుండెడివి. కాని రోగపీడితుని తల్లియని జనులు జాలిపడుటకు తావు గలిగెడిది. మంచి చెప్పవచ్చినవారికి ఆమె భయమేమో తెలిసెడిది. తన దుఃఖము నెఱిగినవాడు లోకములో ఒక్కడే యైనప్పుడు, ఆ యొక్కడెట్టివాడైనను దైవమగును.

నేడు ఆ వ్యాధికి లోపించిన పదార్థమునే నరముద్వారా ఎక్కించుచున్నారు. తల్లియందు ఆ లోపము గలదో లేదో పరీక్షించి చెప్పుచున్నారు. మందు వచ్చినది, దాచు నలవాటు మాత్రము పోలేదు. పిల్లకు పెండ్లి కాదనియో, అత్తవారు నిందింతురనియో బిడ్డల వ్యాధులను గుట్టుగా నుంచి, తాయెత్తుల వారి యిండ్లచుట్టు తిరుగు తల్లులు మన వీథులలోను గలరు. అట్టి సోదరి మన యింటికి వచ్చినపుడు, ఎవరి పాపమిది యని యడుగక, కూర్చుండబెట్టి వినుట మన చేతిలోని పని.