థాయి కోడలు వండిన కోడికూర



2023 డిసెంబరులో మా సంఘములోని ఒక సహోదరి మమ్మును గృహ ప్రార్థనకు పిలిచింది. బ్యాంకాకులో పని చేసే ఆమె కుమారుడు, అక్కడ పరిచయమైన థాయి విశ్వాసిని వివాహము చేసుకొని మొదటిసారి ఇంటికి తీసుకొని వచ్చాడు. ప్రార్థన ముగిశాక అసలు సంగతి బయటపడింది. వచ్చి పది దినములైనా అత్తగారు కోడలి చేతి వంట ముట్టలేదు. "ఆ చేపనీళ్ల కంపు నాకు పడదు అయ్యగారూ" అన్నది. ఒక ఇంట్లో రెండు పొయ్యిలు. కుమారుడు తల వంచుకొని కూర్చున్నాడు. కోడలికి మన భాష రాకపోయినా విషయము అర్థమైనట్లే కనబడింది.

అక్కడ మేము ప్రసంగము చేయలేదు. "రేపు ఆ అమ్మాయి మా ఇంట్లో వండుతుంది, అందరూ రండి" అని చెప్పి వచ్చాము.

ఆమెది ఉత్తర థాయిలాండులోని చియాంగ్ మై. 1867లో మెక్‌గిల్వరీ అనే అమెరికా మిషనరీ అక్కడ సువార్త సేవ ప్రారంభించారు. రెండేళ్లకే, 1869లో, నాన్ చాయ్, నోయ్ సున్యా అనే ఇద్దరు స్థానిక విశ్వాసులను అక్కడి పాలకుడు చంపించాడు. నేటికీ ఆ దేశములో అత్యధికులు బౌద్ధులే, క్రైస్తవులు బహు కొద్దిమంది. అట్టి చోటినుండి వచ్చిన బిడ్డ ఆమె.

ఆమె వండినది కేంగ్ ఖియావ్ వాన్ అనే పచ్చ కూర. పేరులో తీపి అన్న మాట ఉన్నది గాని అది తియ్యని కూర కాదు, పచ్చిమిర్చి ఘాటు బాగానే ఉంటుంది. ఆ మాటకొస్తే మిరపకాయ వారిదీ కాదు, మనదీ కాదు. అమెరికా ఖండములో పుట్టి, 16వ శతాబ్దములో పోర్చుగీసువారి ఓడలమీద ఆసియాకు వచ్చింది.

అర కిలో కోడికి పన్నెండు పచ్చిమిరపకాయలు, రెండు నిమ్మగడ్డి కాడల తెల్లని మొదళ్లు, ఆరు వెల్లుల్లి రెబ్బలు, నాలుగు చిన్న ఉల్లిపాయలు, కొత్తిమీర వేళ్లు, కొంచెము ధనియాలు, జీలకర్ర, మిరియాలు తీసుకొన్నది. దుంపరాష్ట్రము మూలికల అంగడిలో దొరికింది. దాని బదులు అల్లము వేయవచ్చు గాని ఆ రుచి రాదు. వారి నిమ్మజాతి ఆకు లేనందున మా గృహిణి దబ్బాకు తెచ్చి ఇచ్చింది.

ఆ అమ్మాయి రోటి ముందు కూర్చొని మొదట ఉప్పురాళ్లు వేసి నిమ్మగడ్డి నూరడము మొదలుపెట్టింది. గుమ్మములో ముభావముగా కూర్చున్న అత్తగారు అది చూసి, "ఉప్పు ముందు వేస్తే త్వరగా నలుగుతుందని దీనికెవరు చెప్పారు?" అన్నది. కుమారుడు అడిగి చెప్పాడు: "వాళ్ల అమ్మమ్మ."

నూనె లేదు, పసుపు లేదు. చిక్కని కొబ్బరిపాలు నూనె తేలేవరకు కాచి, ఆ నూనెలోనే నూరిన ముద్ద వేయించింది. తరువాత కోడి ముక్కలు, పలుచని పాలు, చిన్న గుండ్రని వంకాయలు వేసి, తాటిబెల్లము చిన్న ముక్క, రెండు చెంచాలు చేపనీళ్లు కలిపింది. దబ్బాకు, సబ్జా మొక్క ఆకులు చివరిలో పడ్డవి. ఆ చేపనీళ్లు, అనగా నామ్ ప్లా, చిన్న సముద్రపు చేపలను ఉప్పులో నెలల తరబడి ఊరవేసి తీసే ఊట. సీసా మూత తీసినప్పుడు మాకూ కష్టమే అయింది. అయినా, వంకాయలో ఎండు రొయ్యలు వేసుకొనే మనకు అంత పట్టింపు ఎందుకో!

భోజనమునకు ముందు రూతు గ్రంథము 2వ అధ్యాయము చదివాము. మోయాబీయురాలైన రూతు పొలములో తాను తిని తృప్తిపొందిన తరువాత మిగిలిన పేలాలను అత్తకు తెచ్చి ఇచ్చింది. నయోమి వాటిని వద్దన్నట్లు అక్కడ వ్రాయబడలేదు. అంతకు మించి మేమేమీ వివరించలేదు.

అందరికీ వడ్డించారు. చియాంగ్ మైలో జిగురు బియ్యపు అన్నము చేతితోనే ముద్ద చేసుకొని తింటారట. కోడలు ముద్ద కలిపే తీరు అత్తగారు చాలాసేపు చూసింది. తరువాత తన పళ్లెములో కొంచెము పులుసు వేయించుకొన్నది. "ఉప్పు చాలలేదు" అన్నది. మళ్లీ పళ్లెము చాపింది.

వెళ్లేటప్పుడు మా పెరటిలోని నిమ్మగడ్డి దుబ్బు ఒకటి వేళ్లతో సహా అడిగి తీసుకొని పోయింది.