పిల్లికూనను తల్లి నుంచి ఎన్ని వారాలకు వేరు చేయాలి?



విషం మందు పెట్టకుండా ధాన్యం కాపాడుకోవాలంటే మనకు మంచి తోడు పిల్లి. మా గోదాములో నవార, కుళ్లాకార్ బియ్యం, వేరుశనగ, వచ్చే సీజన్‌కి దాచిన విత్తనం అన్నీ గోనె సంచుల్లోనే ఉంటాయి. అందుకే మా పిల్లి పిల్లలు పెట్టిందని తెలియగానే "అన్నా, నాకొకటి ఉంచు" అని ఫోన్లు మొదలవుతాయి. చాలామంది నెల నిండితే చాలనుకుంటున్నారు. అక్కడే తేడా వస్తోంది.

సూటిగా చెప్పేస్తాను. 8 వారాలు నిండకుండా కూనను తీసుకోకండి. ఎలుకల కోసమైతే 12 వారాలు ఆగండి. ఎందుకో వారాల వారీగా చూద్దాం.

మొదటి 3 వారాలు

పుట్టినప్పుడు కూన 100 గ్రాములు అటూ ఇటూ ఉంటుంది. 7 నుంచి 14 రోజుల మధ్య కళ్లు తెరుస్తుంది. ఒంటి వేడిని తనంతట తాను నిలుపుకోలేదు. మల మూత్రాలు కూడా తల్లి నాకితేనే వస్తాయి. తొలి రోజు తాగే ముర్రుపాలే దానికి రోగనిరోధక శక్తి.

4 నుంచి 8 వారాలు

నాలుగో వారంలో మెత్తటి తిండి ముట్టుకోవడం మొదలుపెడుతుంది. అది చూసి "అన్నం తింటోంది కదా, తీసుకుపోతా" అంటారు. దూడ గడ్డి కొరికిందని వెంటనే పాలు మాన్పించం కదా! ఇదీ అంతే. పాలు పూర్తిగా మానడానికి దాదాపు 8 వారాలు పడుతుంది.

తోబుట్టువులతో కొట్లాడుతూనే ఎంత గట్టిగా కరవకూడదో నేర్చుకునేది కూడా ఈ వయసులోనే. ఫిన్లాండ్‌లోని హెల్సింకి విశ్వవిద్యాలయం వాళ్లు 5,700కు పైగా పిల్లుల వివరాలు తీసుకుని 2017లో ఒక అధ్యయనం ప్రచురించారు. 8 వారాల లోపే తల్లి నుంచి వేరైన పిల్లుల్లో మీద పడి కరిచే గుణం ఎక్కువగా కనిపించింది.

"పెద్దదైతే మచ్చిక కాదు" అనేవారికి ఒక మాట. మనిషికి అలవాటు పడే వయసు 2 నుంచి 7 వారాలు. దానికి తల్లిని వదలాల్సిన పని లేదు. తల్లి దగ్గర ఉండగానే రోజూ కాసేపు చేతిలోకి తీసుకోండి, చాలు.

8 నుంచి 12 వారాలు

మనకు కావలసిన చదువు ఇప్పుడూ సాగుతూనే ఉంటుంది. తల్లి ముందు చచ్చిన ఎలుకను తెచ్చి పెడుతుంది. తర్వాత కొనప్రాణంతో ఉన్నదాన్ని తెచ్చి కూనల ముందు వదులుతుంది. ఈ పాఠం మనం చెప్పలేం. ముర్రుపాల రక్షణ తగ్గే సమయం కూడా ఇదే కాబట్టి 8 వారాల నుంచి టీకాలు మొదలుపెట్టించాలి. 12 వారాలకు రేబిస్ టీకా వేయిస్తే ఇంట్లో పిల్లలకూ భయం తగ్గుతుంది.

ఆవు పాలతో పెంచుకోవచ్చా?

మా పక్క ఊరి రైతు ఒకరు వేరే చోట నుంచి నెల కూనను తెచ్చి ఆవు పాలు పోశారు. విరేచనాలు పట్టుకుని నాలుగు రోజుల్లో పోయింది. దేశీ ఆవు పాలైనా అంతే. పిల్లి పాలతో పోలిస్తే ఆవు పాలలో ప్రొటీన్ తక్కువ, లాక్టోజ్ ఎక్కువ. తల్లి చనిపోయిన కూన అయితే పశువైద్యుణ్ణి అడిగి, పిల్లికూనల కోసం దొరికే పాలపొడి వాడండి. బోర్లా ఉంచి పట్టించాలి, వెల్లకిలా వద్దు.

తల్లి కూనల్ని మార్చేస్తుంటే?

పిల్లి పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు. కనపడకుండా పోతాయేమోనని ముందే తీసుకుపోయేవారున్నారు. తల్లికి అలజడి అనిపిస్తే చోటు మారుస్తుంది. కుక్కలు రాని మూలన ఒక పెట్టె, పాత గోనె, దగ్గర్లో తిండీ నీళ్లూ పెట్టి, పదే పదే తొంగి చూడకుండా ఉంటే చాలావరకు అక్కడే ఉంటుంది.

తెచ్చుకున్నాక

తల్లి వాసన ఉన్న గోనె ముక్క ఒకటి వెంట తెచ్చుకోండి. వారం రోజులు ఒకే గదిలో ఉంచి, అక్కడ తిన్న తిండే పెట్టండి. కడుపు మాడిస్తేనే ఎలుకల్ని పడుతుందన్నది అపోహ. తిండి పెట్టిన పిల్లి కూడా వేటాడుతుంది, పైగా ఇంటిని వదిలి పోదు. చుట్టుపక్కల ఎవరైనా ఎలుకల మందు పెడుతుంటే ముందే మాట్లాడుకోండి. మందు తిన్న ఎలుకను తింటే పిల్లికీ ప్రమాదమే. పందికొక్కుల పని మాత్రం దాని మీద వదిలేయకండి, వాటికి బోనులే పెట్టాలి.

పై వీడియోలో 5 వారాల కూన, 12 వారాల కూన ఎలా కదులుతున్నాయో పక్కపక్కనే చూపించాను. ఒకసారి చూడండి. ఇంకో రెండు నెలలు ఆగితే ఏళ్ల తరబడి గోదాము కాచే పిల్లి మీ ఇంటికి వస్తుంది.